పట్టు వడిసెల విసిరిన రాయి

హిందూపురం వెళ్ళొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ లేపాక్షి బసవన్న ఎలా ఉన్నాడని అడుగుతున్నారు. అక్కడిదాకా పోలేదండీ అంటే, మరి ఏం చూసొచ్చావని వింతగా చూస్తున్నారు. నేను చూసొచ్చింది ఒక కొయ్య యంత్రాన్ని. తుపాకి మందు ఇంకా రాని రోజుల్లో కోటగోడల మీదికి రాళ్ళు విసరడానికి వాడినటువంటిది. నోటితో చెప్పబోతే చేతులు తిప్పడమే తప్ప ఎవరికీ అర్థం కావడం లేదు. అందుకే పాప పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

మాది గుంటూరు. మా ఆయనది ధర్మవరం, నేతపని చేసే ఇల్లు. మా ఆడబిడ్డ పద్మ వదినను హిందూపురంలో ఇచ్చారు. ఆమె భర్త శీనన్నయ్య అక్కడొక కాలేజీలో చరిత్ర చెబుతాడు. ముట్టడి పాఠం మొదలుపెడితే పిల్లలు నిద్రపోతున్నారని విసుగెత్తి, ఒక యంత్రం చేసి నిజంగానే రాయి విసిరి చూపిస్తానని పంతం పట్టాడు. పెనుకొండ దగ్గర ఒకసారి వేసి చూసుకోవడం, తర్వాత ధర్మవరంలో విద్యార్థులందరి ముందు వేయడం అని అనుకున్నాడు. అంతవరకు బాగానే ఉంది. వీడియో కాల్‌లో మా లాస్యకు ఆ యంత్రం చూపించి, "ఆ పొద్దు మొదటి రాయి నువ్వే ఏయల్ల పాపా, తాడు నీ చేతికే ఇస్తా" అని మాటిచ్చేశాడు. నన్ను అడగనే లేదు.

లాస్యకు ఏడేళ్ళు. పోయిన వేసవిలో పార్కులో ఉయ్యాల చెక్క తగిలి కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. దానికి ఆ నొప్పి ఎప్పుడో పోయింది. నాకే పోలేదు. ఊగేది, తిరిగేది, పడేది ఏది కనిపించినా దాని దారిలో పిల్ల ఉందేమోనని ముందు చూస్తాను. మా ఆయనకు సెలవు దొరకలేదు. "మా ఊరోళ్ళు పిల్లల్ని రాళ్ళతో కొట్టర్లే, నిదానంగా పోయిరా" అని నవ్వి మమ్మల్ని రైలెక్కించారు. దూరం నుంచి చూపిస్తాను, తాడు మాత్రం ముట్టనివ్వను అని నేను లోపల తేల్చుకున్నాను. లాస్య మాత్రం కిటికీ ఊచ పట్టుకుని దారిపొడవునా తాడు లాగడం ప్రాక్టీసు చేస్తూనే ఉంది.

హిందూపురం

స్టేషన్ బయటికి రాగానే చింతపండు వాసన. బస్తాలు దింపుతున్న లారీల పక్క నుంచి ఆటో పోతుంటే నోట్లో నీళ్ళూరాయి. ఆటో అతను నాతో తెలుగులో బేరమాడి, ఫోన్లో ఎవరితోనో కన్నడంలో పోట్లాడి, ఎద్దు అడ్డమొస్తే రెండు భాషల్లోనూ తిట్టాడు. మా వైపు ఆడవాళ్ళను ఏమండీ, ఏమ్మా అంటారు. ఇక్కడ ఎదురింటి ఆమె నన్ను చూసిన మొదటి నిమిషంలోనే "ఏమ్మే, పద్మ మరదలువా? ఇంత సన్నంగుండావే!" అంది. మొదట కొంచెం ఉలిక్కిపడ్డాను. సాయంత్రానికి ఆ "మే" లేకపోతే ఏదో తక్కువైనట్టు అనిపించింది.

వదిన రాగి సంగటి చేసింది, పక్కన ఆకుకూర పప్పు, చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. లాస్య సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని చూయింగ్ గమ్‌లాగా నములుతుంటే వదిన నెత్తి కొట్టుకుంది.

"నమిల్తే సంగటికి అవమానం పాపా. పప్పులో అద్దు, మింగు. అంతే."

"గొంతులో ఇరుక్కుంటే?" అన్నాను నేను.

"మీ ఆయన అదే తిని పెరిగినాడు సుధా. యాడన్నా ఇరుక్కున్న్యాడా?"

పెరట్లో యంత్రం ఉంది. విప్పి పెట్టిన ముక్కలు శీనన్నయ్య ఒక్కొక్కటే బిగించి చూపించాడు. నీలగిరి దుంగలతో రెండు పక్కలా కాళ్ళు. వాటి మధ్య పాత ఎద్దుల బండి ఇరుసు. ఇరుసు మీద పొడుగాటి దూలం, ఒక పక్క పొట్టిగా, ఇంకో పక్క బాగా పొడుగ్గా. పొట్టి కొసకు ఇసుక నింపిన పెట్టె వేలాడుతోంది.

"ఏతం తెలుసు కదమ్మా? బాయిలో నీళ్ళు తోడేది. ఒక పక్క బరువు, ఇంగో పక్క బాన. ఇదీ అంతే. బానకు బదులు రాయి," అన్నాడు.

పొడుగాటి కొసను కిందికి లాగి కట్టేస్తే ఇసుక పెట్టె పైకి పోతుంది. కట్టు విడిపిస్తే పెట్టె దబ్బున దిగుతుంది, కొస గిర్రున పైకి లేస్తుంది. ఆ కొసకు వడిసెల తగిలిస్తారు, పొలాల్లో పిట్టల్ని తోలే వడిసెల లాంటిదే, కాస్త పెద్దది. దాని ఒక తాడు దూలానికి గట్టిగా కట్టి ఉంటుంది. రెండో తాడు చివర ఒక ఉచ్చు, దాన్ని దూలం మొనలో కొట్టిన మేకుకు ఊరికే తగిలిస్తారు. దూలం సరిగ్గా నడినెత్తి దాటేటప్పుడు ఆ ఉచ్చు మేకు నుంచి జారుతుంది. రాయి ముందుకు పోతుంది.

"అంతకు ముందు ఈ బరువు పెట్టె లేదు. దూలానికి తాళ్ళు కట్టి పదిమందీ ఒకేసారి గుంజేవాళ్ళు. మనిషంటే ఒకసారి గట్టిగా గుంజుతాడు, ఒకసారి మెల్లగా. ఆకలేస్తాది, చెయ్యి నొస్తాది. ఇసుకకు ఏముండాది? ఎన్నిసార్లు దించినా అదే బరువు. అందుకని రాయి పోయి అదే చోట పడ్తాది. గోడలో ఒకే చోట, రోజుల తరబడి. గోడ పడేది దెబ్బ గట్టిదై కాదు, మళ్ళా మళ్ళా ఆడే తగిలి."

దీనికే రాళ్ళన్నీ ఒకే బరువుకు గుండ్రంగా చెక్కాలట. అందుకని సైన్యం వెంట రాళ్ళు కొట్టేవాళ్ళు, వడ్రంగులు కూడా నడిచేవాళ్ళట. ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లు మీదికి వచ్చినప్పుడు ఇలాంటివి తెచ్చాయనీ, వాళ్ళ మాటలో వీటిని మంజనీకులు అనేవారనీ చెప్పాడు.

ఇదంతా చెప్పి, చివరికి ఒక సంచిలోంచి వడిసెల తీశాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. వంకాయరంగు పట్టు! మధ్యలో రాయి కూర్చునే చోటు దట్టంగా నేసి, దానికి అరచెయ్యంత జరీ అంచు. తాళ్ళు కూడా పట్టే, జడలాగా అల్లినవి. మా మామగారు ధర్మవరంలో మగ్గం మీద మిగిలిపోయిన పడుగు దారంతో నేసి పంపారు. యంత్రానికి వడిసెల కావాలని అల్లుడు అడిగితే గోనెగుడ్డతో కుట్టి పంపడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"రాయికి పెండ్లి చేస్తాండారు మా నాయన, అల్లుడు కలిసి," అంది వదిన.

పెనుకొండ దారిలో

యంత్రం ముక్కలు ట్రాలీ ఆటోలో విద్యార్థులతో ముందే పోయాయి. మేం బస్సెక్కాం. శీనన్నయ్య వడిసెలను ఒళ్ళో పెట్టుకున్నాడు. పక్కసీటులో అగళి దగ్గరి పల్లె నుంచి వస్తున్న ఒక అవ్వ, పెనుకొండ దర్గాలో మొక్కు తీర్చుకోవడానికి పోతోంది. ఆమె కళ్ళు ఆ జరీ మీదే ఉన్నాయి.

"ఏమప్పా, అది రవిక గుడ్డనా?"

"వడిసెల అవ్వా."

"వడిసెలకు పట్టా! యా రాజు కొడుకువప్పా నువ్వు?"

బస్సంతా నవ్వింది. అవ్వ లాస్యను దగ్గరికి లాక్కుని తన సంగతి చెప్పింది. చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేదట.

"పిట్టలకు తగిలేదా అవ్వా?" అంది లాస్య.

"పిట్టకు ఒక్కనాడూ తగల్లేదు పాపా. ఒగసారి పోయి పక్క చేనోళ్ళ నీళ్ళ కుండకు తగిల్య. వాళ్ళు మా నాయనతో కొట్లాటకు వచ్చిరి. కుండకు దుడ్లిస్తావా, పిల్లనిస్తావా అనిరి. మా నాయన చేతిలో దుడ్లు ల్యా." ఒక్క క్షణం ఆగి, పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఆ ఇంటికే పోతి కోడలుగా."

దిగేముందు లాస్య చేతిలో ఇన్ని ఉడకబెట్టిన చెనక్కాయలు పోసింది. కడిగినవో లేదోనని నేను చూస్తుండగానే అది సగం తినేసింది. ఏమీ కాలేదు. ఈ ప్రయాణంలో నేను ఎన్నిసార్లు ఈ మాట అనుకున్నానో, ఏమీ కాలేదని.

పెనుకొండ

పెనుకొండలో ఊరే కోటలో ఉంది. గడియారం చూసుకుంటూ బడికి పోయే పిల్లలు, కూరగాయల బండి, స్కూటర్లు, అన్నీ ఆ పాత గోడల పక్కనుంచే పోతుంటాయి. గోడకు బట్టలు ఆరేసి ఉన్నాయి. వెనక కొండ, కొండ మీద మళ్ళీ గోడలు. రాయి మీద రాయి పేర్చినట్టుంటుంది. ఒక్కో రాయి మా మంచమంత.

మా మామగారు ధర్మవరం నుంచి ప్యాసింజరు బండిలో వచ్చి బస్టాండులో మా కోసం కూర్చుని ఉన్నారు. తెల్ల పంచె, భుజాన టవలు. తన వడిసెల ఎలా పనిచేస్తుందో చూడాలని మగ్గం దిగి వచ్చారు. "ఏమ్మా సుధా, బాగుండావా? నా మనవరాలు ఏది?" అంటూనే, కళ్ళు అల్లుడి చేతిలోని సంచి మీద పడ్డాయి. "మడత పెట్టినావా, నలిపినావా?"

కుంభకర్ణుడి తోటకు పోయాం. అంత పెద్ద విగ్రహం పడుకుని ఉంటే, డొల్లగా ఉన్న దాని పొట్టలో పిల్లలు అటునుంచి ఇటు పరిగెత్తుతున్నారు. టీ పది రూపాయలు. మల్లెపూలు మూర ఇరవై అంటే మా గుంటూరు ధర తలచుకుని రెండు మూరలు కొన్నాను. తర్వాత కోట గోడ పొడవునా నడిచాం.

"బాబాయ్, ఈ గోడను మన యంత్రం పడగొడుతుందా?" అంది లాస్య. శీనన్నయ్యను అది మామయ్య అనాలి. బాబాయ్ అని ఎందుకంటుందో మాకెవరికీ తెలియదు. ఆయన దిద్దడం మానేశాడు.

"మీ తాత మనవరాలి కొడుకు ముసలోడయ్యేదాంకా ఏసినా పడదు."

"మరి అప్పుడు దీని మీద వేశారా?"

"ఈడ ఏసినారని చెప్పడానికి నా దగ్గర ఆధారం ల్యా పాపా. ఈ ఊరు పెద్ద రాజధాని అయ్యేసరికే ఫిరంగులు వచ్చేసినాయి." ఈ మాట నాకు నచ్చింది. ఊరికి గొప్ప తేవడానికి ఒక అబద్ధం చెప్పడం ఎంత సులువు!

లోపలివాళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళు కాదట. గోడల బయట దూది మూటలు, తడి తోళ్ళు వేలాడదీసి రాళ్ళ దెబ్బ తగ్గించేవాళ్ళట. లోపల కూడా యంత్రాలు కట్టి బయటికి విసిరేవాళ్ళట. బయటివాళ్ళు రాళ్ళే కాదు, మండే కుండలు, చచ్చిన పశువులు కూడా లోపలికి విసిరేవాళ్ళట, రోగాలు రావాలని. లాస్య "ఛీ" అని ఎగిరి గంతేసింది. నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది.

"అన్నయ్యా, రాళ్ళు పడుతుంటే లోపల తల్లులు పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళు?"

"అది ఎవురూ రాయలేదమ్మా," అన్నాడు.

కోట దగ్గర ఇలాంటివి చేయకూడదు, చేయలేదు కూడా. ఊరికి బాగా దూరంగా, శీనన్నయ్య స్నేహితుడి చేను ఉంది. పంట కోసేసి ఖాళీగా ఉంది. అక్కడ యంత్రం నిలబెట్టారు. నేను ముందుగా చుట్టూ చూశాను. రాయి ముందుకు పోతుంది కాబట్టి ముందు వైపు వద్దు. పక్కన దూలం, తాళ్ళు, కాబట్టి పక్కనా వద్దు. వెనకగా ఒక రేకుల పాక ఉంది. దాని ముందు నీడలో దుప్పటి పరిచి, మా సంచులు, చిత్రాన్నం క్యారియరు అక్కడే పెట్టి, లాస్యను కూర్చోబెట్టాను. "ఇక్కడి నుంచి కదిలావంటే ఈరోజే గుంటూరు బండెక్కిస్తా. అర్థమైందా?"

అర్థమైందన్నట్టు తలూపింది.

ఇసుక పెట్టె పైకెత్తి కొస కట్టేశారు. పెద్ద బత్తాయంత రాయిని మామగారు స్వయంగా పట్టు వడిసెలలో పెట్టారు, పసిబిడ్డను ఉయ్యాలలో పెట్టినట్టు. ఉచ్చును మేకుకు తగిలించారు. శీనన్నయ్య "జాగ్రత్త!" అని అరిచి కట్టు లాగాడు.

పెట్టె దిగింది. దూలం లేచింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, పెద్ద తలుపు గాలికి కొట్టుకున్నట్టు. రాయి ముందుకు పోలేదు. నిటారుగా ఆకాశంలోకి పోయింది. అందరం నోళ్ళు తెరిచి పైకి చూశాం. చిన్నదై, ఒక క్షణం నిలబడి, మెల్లగా వెనక్కి వాలింది.

వెనక్కి. పాక వైపు.

నేను పరిగెత్తాను. అరిచానో లేదో గుర్తులేదు. నా ముందే దుప్పటి మీద రాయి పడింది. క్యారియరు పైగిన్నె లొట్టపోయి, చిత్రాన్నం, చెనక్కాయ పలుకులు దుప్పటంతా చిందాయి. దుప్పటి మీద పిల్ల లేదు.

"మమ్మీ, నేనిక్కడ!"

యంత్రం పక్కన, వాళ్ళ తాత పంచె పట్టుకుని నిలబడి ఉంది. నేను వెళ్ళగానే దుప్పటి మీద నుంచి లేచి వచ్చేసిందట. కొట్టాలో, ఎత్తుకోవాలో తెలియలేదు. ఎత్తుకున్నాను. కొంచెం సేపటికి అది నా చెవి దగ్గర మెల్లగా అంది, "నువ్వు కూర్చోమన్న చోటే పడింది కదా మమ్మీ."

పిల్లను దించకుండానే దుప్పటి దగ్గరికి నడిచాను. చిత్రాన్నంలో బాగున్నది ఏరి అందరం తిన్నాం. అంత రుచిగా ఎప్పుడూ తినలేదు.

ధర్మవరం

ఆ సాయంత్రమే అందరం ధర్మవరం వెళ్ళాం. మామగారి వీధిలోకి రాగానే రెండు పక్కలా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. మా వీధిలో టీవీలు మోగినట్టు ఇక్కడ మగ్గాలు. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నేస్తూనే కిటికీలోంచి పలకరిస్తారు, చెయ్యి ఆగదు. "ఏమన్నా, రాయి యాడికి పోయె?" అని ఒకరు. "ఆకాశానికి పోయెనంట, ఇంగా దిగలేదంట," అని ఎదురింటి నుంచి ఇంకొకరు. వార్త మాకంటే ముందే వచ్చేసింది.

మామగారు ఎవరికీ జవాబివ్వలేదు. తప్పు ఇసుకదన్నారు. బరువెక్కువైంది, అందుకని ఎగిరింది. శీనన్నయ్య మేకు వంపుదన్నాడు. మామా అల్లుళ్ళిద్దరూ నడి ఇంట్లో మంచం మీద కూర్చుని వాదించుకుంటూనే ఉన్నారు. మర్నాడు విద్యార్థులు వస్తారు. రాయి ఎటు పోతుందో తెలియని యంత్రం ముందు అంతమంది పిల్లలు.

"రేపు మేం వెళ్ళిపోతాం వదినా," అన్నాను.

లాస్య విన్నది. ఏడవలేదు, అలగలేదు. సంచిలోంచి తన బట్టలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. దాన్నెప్పుడూ అలా చూడలేదు నేను. అల్లరి చేస్తే తిట్టొచ్చు, ఇలా మాట వింటే ఏం చేయాలి?

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు వదిన ఒక పట్టుచీర తెచ్చింది. ఆకుపచ్చకు మామిడిపిందెల అంచు, మామగారు నేసిందే. ఇంటి కోడలు ఊరికే పోకూడదు, ఒక్కసారి కట్టుకుని నాయనకు చూపించి పో అంది. కట్టుకుని వంగి మామగారి కాళ్ళకు మొక్కబోయాను. పైట భుజం మీద నుంచి సర్రున జారింది. పట్టుకుని సర్దుకున్నాను. లేచేలోపు మళ్ళీ జారింది.

"పిన్నీసు పెట్టుకోలేదా మే?" అంది వదిన. "కొత్త పట్టు నిలుస్తాదా అట్ల?"

నేను ఆ పైటకొంగు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మేకుకు తగిలించే ఆ ఉచ్చు కూడా పట్టే కదా. అది దూలం నడినెత్తికి వచ్చేదాకా మేకును పట్టుకుని ఉండాలి. అంత నున్నటి పట్టు అక్కడెలా నిలుస్తుంది! దూలం సగం లేవకముందే జారిపోయి ఉంటుంది. రాయి ఇంకా పైకి పోతున్నప్పుడే వదిలేసి ఉంటుంది.

చెప్పాలంటే భయమేసింది. ఆ ఇంట్లో పట్టును తప్పుపట్టడమంటే దాన్ని నేసిన మనిషిని తప్పుపట్టడమే. అయినా చెప్పాను. మామగారి ముఖం నల్లబడింది.

"నా పట్టు ఇన్నేండ్లలో ఎవురినీ మోసం చేయలేదమ్మా."

"మోసం కాదు మామయ్యా. జారడం దాని గుణం. చూడండి, మీరు నేసిందే, నా భుజం మీదే నిలవడం లేదు."

ఆయన లేచి వడిసెల తెచ్చారు. ఉచ్చును గోడ మేకుకు తగిలించి, మెల్లగా ఒక వైపుకు లాగారు. ఊరికే ఊడి వచ్చింది. ఇంకోసారి. మళ్ళీ ఊడింది. శీనన్నయ్య నోరు తెరవబోతే వదిన మోచేత్తో పొడిచింది. కొంచెం సేపటికి మామగారి భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారు.

"కట్టుకునేవాళ్ళకు తెలుస్తాది. నేసేవోనికేం తెలుసు? నేనెప్పుడన్నా చీర కట్టినానా!"

ఆ మధ్యాహ్నం నేను బండెక్కలేదు. వడిసెల పట్టుదే ఉంచి, ఉచ్చు మాత్రం కొబ్బరి పీచు తాడుతో ఆయనే చేసి కుట్టారు. శీనన్నయ్య మేకును కాస్త ముందుకు వంచాడు. ఎవరి వాదన వాళ్ళకు మిగిలింది.

తాడిమర్రి రోడ్డు చేను

సాయంత్రం తాడిమర్రి రోడ్డు మీద, కోసేసిన చెనక్కాయ చేలో యంత్రం నిలబెట్టారు. విద్యార్థులు ముందే వచ్చి, కొంత దూరంలో రెండు గోడలు కట్టి పెట్టారు. ఒకటి ఇటుకలు పేర్చింది. ఇంకోటి మట్టి తొక్కి కట్టింది, మందంగా.

ఈసారి ఎక్కడ ఎవరు నిలబడాలో నేను చెప్పాను. ముందు కాదు, వెనక కాదు, రెండు పక్కలా దూరంగా. పెనుకొండలో నేను సురక్షితం అనుకున్న చోటు ఏమైందో చూశాక, నాకు నచ్చిన చోటు అని కాకుండా రాయి పోయే గీతకు దూరంగా ఉన్న చోటు అని ఆలోచించాను. కట్టు తాడుకు ఇంకో పొడుగాటి తాడు కలిపించాను. మొదట నేనే లాగుతానన్నాను. లాస్య నా వంక చూసింది. "ఆ తర్వాత నువ్వే," అన్నాను. అది నమ్మలేదు.

లాగాను. చేతిలో తాడు వదులైపోయింది, అదే చప్పుడు, దూలం లేచింది. కళ్ళు మూసుకున్నాను. విద్యార్థుల అరుపులు విని తెరిచాను. రాయి ముందుకు పోతోంది! విల్లులా వంగి, గోడలు దాటి, అవతల జిల్లేడు పొదల్లో పడింది. మామగారు భుజం మీది టవలు తీసి గాల్లో తిప్పారు.

పెట్టె పైకెత్తి మళ్ళీ కట్టారు. కొంచెం ఇసుక తీసేశారు, గోడ దాటిపోకుండా. తాడు లాస్య చేతిలో పెట్టాను. నా చేతులు చల్లగా ఉన్నాయి, దాని చేతులు వెచ్చగా ఉన్నాయి. రెండడుగులు వెనక్కి వచ్చి నిలబడ్డాను.

లాగింది. తన బరువంతా వేసి వెనక్కి పడిపోయేలా లాగింది. రాయి లేచింది, పోయింది, సరిగ్గా మట్టిగోడ నడుమ ధబ్బుమని దిగి, అక్కడే ఇరుక్కుంది. గోడ కదల్లేదు.

"పడలేదే!" అంది లాస్య నిరాశగా.

"పడకపోవడమే పాఠం పాపా!" శీనన్నయ్య గంతులేస్తున్నాడు. "చూసినారా? రాతిగోడైతే పగుల్తాది. మట్టి దెబ్బను మింగేస్తాది. ఓరుగల్లు చుట్టూ బయట మట్టికోట ఎందుకు కట్టినారో ఇప్పుడన్నా బుర్రకెక్కెనా?" విద్యార్థుల్లో ఒక్కరు కూడా నిద్రపోవడం లేదు. తర్వాతి రాయి ఇటుక గోడకు వేశారు. మూల ఒకటి ఊడిపోయింది. అంతే, ఇక ఆగలేదు. అందరికీ తాడు కావాలి. లాస్య వరుస నిలబెట్టి, ఎవరి తర్వాత ఎవరో చెబుతోంది.

అప్పుడే మా ఆయన ఫోను. ఇక్కడి గోల విని, ఏమవుతోందని అడిగారు. చెప్పాను.

"పాప ఎక్కడుంది?"

"యంత్రం దగ్గర. అందరికీ తాడు అందిస్తోంది."

"యంత్రం దగ్గరా? అంత దగ్గరెందుకు సుధా? తాడు తెగితే? కొంచెం దూరంగా పిలువు. నువ్వెక్కడున్నావసలు?"

"నేను జిల్లేడు పొదల దగ్గరున్నానండీ. గుండ్రటి రాళ్ళు అయిపోయాయి, ఏరుతున్నాను. తర్వాత మాట్లాడతా," అని ఫోను పెట్టేశాను.